అవుటైన పిల్లవాడు ఎక్కడ కూర్చోవాలి?



పునీత పౌలుగారికి ఆటల సంగతి బాగా తెలుసు. ఆయన కొరింతు పట్టణంలో ఏడాదిన్నర కాలం ఉన్నారని అపోస్తలుల కార్యముల గ్రంథం (18:11) చెబుతున్నది. అది క్రీ.శ. 50-52 ప్రాంతపు మాట. ఆ పట్టణానికి దగ్గరలోనే రెండేళ్ళకొకసారి ఇస్త్‌మియా క్రీడలు జరిగేవి. పరుగు పందెం, కుస్తీ, పిడిగుద్దులాట, రథాల పోటీ అన్నీ ఉండేవి. గెలిచినవాడికి దక్కేది ఏమిటో తెలుసా? పైను చెట్టు రెమ్మలతోనో, కొత్తిమీర జాతికి చెందిన ఒక ఎండు ఆకుతోనో అల్లిన కిరీటం. నాలుగు రోజుల్లో రాలిపోయే ఆ కిరీటాన్ని మనసులో ఉంచుకొనే కాబోలు, కొరింతీయులకు వ్రాసిన మొదటి లేఖ 9వ అధ్యాయంలో ఆయన వాడిపోని కిరీటం గూర్చి వ్రాశారు.

ఆ వచనాల మీద మనం ఎన్నో ప్రసంగాలు విన్నాం. క్రమశిక్షణ ఉండాలి, పట్టుదల ఉండాలి, శరీరాన్ని లొంగదీసుకోవాలి. అవన్నీ నిజమే. అయితే పందెంలో అందరూ పరుగెత్తినా బహుమానం ఒక్కరికే దక్కుతుందని అక్కడే పౌలుగారు గుర్తుచేస్తారు. మరి మిగిలినవారి మాటేమిటి? పందెం ముగిశాక వాళ్ళు ఎక్కడ కూర్చున్నారు? ఇంటికి వెళ్తే ఇంట్లోవాళ్ళు ఏమన్నారు? ఈ ప్రశ్నకు గ్రీకుల పరుగు పందెంలో కంటె మన పిల్లల కబడ్డీలో నాకు మంచి జవాబు కనిపిస్తుంది.

మా కుత్బుల్లాపూర్ వైపు ఏ కాస్త ఖాళీ స్థలం దొరికినా పిల్లలు గీతలు గీస్తారు. జీడిమెట్ల పారిశ్రామికవాడ చుట్టూ, షాపూర్‌నగర్, చింతల్, గాజులరామారం బస్తీలలో కాపురముంటున్న మన కతోలిక కుటుంబాలలో చాలామంది బ్రతుకుతెరువు కోసం జిల్లాల నుండి వచ్చినవారే. క్రికెట్ ఆడాలంటే బ్యాటు కొనాలి. కబడ్డీకి గుప్పెడు సున్నం చాలు. అదీ లేకపోతే చెప్పు మడమతో గీత గీయవచ్చు. వేసవి సత్యోపదేశ తరగతులు ముగిశాక సాయంత్రం పూట పిల్లలు ఆడుతుంటే చూడడం నాకు ఏళ్ళ తరబడి అలవాటు.

ఆట తెలియనివారి కోసం నాలుగు మాటలు చెబుతాను. ఒక్కో జట్టులో ఏడుగురు ఉంటారు. ఒకడు కూత పెడుతూ ఒంటరిగా అవతలి బరిలోకి వెళ్ళి, ఎవరినైనా తాకి, ఊపిరి తెగకుండా మధ్యగీతకు తిరిగి రావాలి. ముప్పై సెకన్లు గడువు. తాకించుకున్నవాడు అవుట్. వెళ్ళినవాడిని అవతలివాళ్ళు పట్టేస్తే వాడు అవుట్. పల్లెల్లో పిల్లలు అవుట్ అనరు, "చచ్చాడు" అంటారు. చచ్చినవాడు ఇంటికి వెళ్ళడు. బరి పక్కన కూర్చుంటాడు. తన జట్టువాళ్ళు ఎదుటి జట్టులో ఒకరిని అవుట్ చేయగానే, ముందు అవుటైనవాడు ముందు అన్న వరుసలో ఒకడు లేచి లోపలికి వస్తాడు. అప్పుడు పిల్లలు అరుస్తారు: "బ్రతికాడు!"

కూర్చున్నవాడు తనంతట తాను బ్రతకలేడన్నది గమనించండి. వాడు ఎంత బలవంతుడైనా సరే, గీతకు ఇవతల కూర్చుని ఏమీ చేయలేడు. వేరొకడు ఆ బరిలోకి వెళ్ళి ఊపిరి బిగబట్టి తిరిగి రావాలి, లేదా మిగిలినవాళ్ళు కలిసి ఒక పట్టు పట్టాలి. క్రీస్తునాథుడు పాతాళానికి దిగి మూడవనాడు లేచాడని విశ్వాస సంగ్రహంలో మనం చెప్పుకునే మాట ఈ పిల్లలకు వివరించవలసి వచ్చినప్పుడు నేను పుస్తకం తెరవను. ఒంటరిగా శత్రువు బరిలోకి వెళ్ళినవాడిని చూపిస్తాను. గురువిద్యాలయంలో మాకు తత్త్వశాస్త్రం చెప్పిన ఆచార్యులు, పోలికలన్నీ ఎక్కడో ఒకచోట కుంటుతాయనేవారు. ఈ పోలిక కుంటే చోటే మనకు ముఖ్యం. కబడ్డీలో అవతలి బరిలో ఊపిరి వదిలినవాడు ఓడిపోతాడు. మన ప్రభువు అక్కడే ఊపిరి విడిచాడు. అలా విడిచే కూర్చున్నవాళ్ళందరినీ లేపాడు.

కబడ్డీకి వెనుకటి కాలంలో మూడు పద్ధతులు ఉండేవి. సంజీవని, గామినీ, అమర్ అని వాటి పేర్లు. సంజీవని అంటే నేను ఇప్పుడు చెప్పిందే, అవుటైనవాడు జట్టు సాధించే పాయింటుతో తిరిగి లేస్తాడు. నేడు పోటీలలో ఆడేది ఈ పద్ధతే. గామినీలో అవుటైనవాడికి దారి లేదు. జట్టంతా అవుటయ్యేదాకా వాడు బయటే ఉండాలి. అమర్‌లో తాకించుకున్నవాడు బయటకు రానే రాడు. ఎదుటివాళ్ళకు పాయింటు వ్రాసి, ఏమీ జరగనట్టు ఆడుతూనే ఉంటాడు.

మన ఇళ్ళలో ఈ మూడు ఆటలూ జరుగుతున్నాయి. కొందరి ఇళ్ళలో గామినీ. ఒకసారి తప్పిన పిల్లవాడికి ఆ మాట పెళ్ళయ్యేదాకా వినిపిస్తూనే ఉంటుంది. కొందరి ఇళ్ళలో అమర్. పిల్లవాడు అవుటైతే తండ్రి రెఫరీతో పోట్లాటకు దిగుతాడు, మావాడికి తగలనే లేదంటాడు. తప్పిన సంగతి తెలియని బిడ్డకు తిరిగి లేచిన సంతోషం కూడా తెలియదు. ఆటల చివర పిల్లలందరికీ తలా ఒక స్టీలు గ్లాసు పంచుతామంటే నాకు అభ్యంతరం లేదు, పంచండి. అవుటైనవాడిని మాత్రం అవుటే అనండి.

శ్రీసభకు కూడా ఈ తగాదా వచ్చింది. క్రీ.శ. 250లో డేషియస్ చక్రవర్తి ప్రజలందరూ రోమా దేవతలకు బలులు అర్పించాలని ఆజ్ఞ వేశాడు. ప్రాణభయంతో చాలామంది క్రైస్తవులు లొంగిపోయారు. హింస తగ్గాక వారు ఏడ్చుకుంటూ తిరిగి వచ్చారు. వారిని ఏం చేయాలి? రోములో నొవేషియన్ అనే గురువు, వారికి శ్రీసభలో ఇక చోటు లేదన్నాడు. కార్తేజులో కొందరు ఏ ప్రాయశ్చిత్తమూ లేకుండా వారిని వెంటనే పిలిచి సత్ప్రసాదం ఇచ్చేశారు. ఒకటి గామినీ, ఒకటి అమర్. కార్తేజు పీఠాధిపతి పునీత సిప్రియాను, 251లో ఎన్నికైన పోపు పునీత కొర్నేలియుస్ ఈ రెంటినీ కాదన్నారు. పడిపోయినవారు ప్రాయశ్చిత్తం చేయాలి, ఆ తరువాత మళ్ళీ బల్ల దగ్గరకు రావాలి అన్నారు. ఆ ఇద్దరి పండుగ ఒకే రోజున, సెప్టెంబరు 16న వస్తుంది. మొదటి దివ్యసత్ప్రసాద ప్రార్థనలో వారి పేర్లు ప్రక్కప్రక్కనే వినిపిస్తాయి. మన పాపసంకీర్తనం గూడు దగ్గర కూర్చుని వరుస కోసం ఎదురుచూసేవారిని చూసినప్పుడల్లా నాకు బరి పక్కన కూర్చున్న పిల్లలు గుర్తుకు వస్తారు.

ఈ సంగతులు చెబుతుంటే సత్యోపదేశంలో ఒక పిల్లవాడు లేచి అడిగాడు: "ఫాదర్, మరి యూదాకు సంజీవని లేదా?"

చిన్న ప్రశ్న కాదు. ఆ ఒక్క రాత్రే ఇద్దరు అవుటయ్యారు. పేతురుగారు మూడుసార్లు ప్రభువును ఎరుగనన్నారు. యూదా ముప్పై వెండి నాణెములకు ఆయనను పట్టించాడు. ఇద్దరూ పశ్చాత్తాపపడ్డారు. యూదా కూడా తన పాపాన్ని నోరు తెరచి ఒప్పుకున్నాడని మత్తయి సువార్త (27:3-5) చెబుతున్నది. అయితే ఎవరి ఎదుట ఒప్పుకున్నాడు? తనను పని అయ్యాక వదిలేసిన ప్రధానార్చకుల ఎదుట. వారు, అది మాకు సంబంధించినది కాదు, నీ గోల నువ్వే చూసుకో అన్న అర్థంలో మాట్లాడి పంపేశారు. అతడు ఒంటరిగా వెళ్ళిపోయాడు. పేతురుగారు సిగ్గుతోనే అయినా మిగిలిన శిష్యుల మధ్యనే ఉండిపోయారు. పునరుత్థానుడైన ప్రభువు వచ్చినప్పుడు ఆయన ఆ జట్టులోనే ఉన్నారు. తిబేరియ సరస్సు ఒడ్డున నిప్పుల ప్రక్కన ప్రభువు మూడుసార్లు అడిగి ఆయనను లేపారు (యోహాను 21). యూదా కడకు ఏమయ్యాడో దేవునికి తెలుసు. ఫలానావాడు నరకంలో ఉన్నాడని శ్రీసభ ఇంతవరకు ఎవరి పేరునూ ప్రకటించలేదు. నేను ఆ పిల్లవాడికి చెప్పిన జవాబు ఇంతే. ఆ రోజు దేవాలయంలో అతని ప్రక్కన కూర్చునేవాడు ఒక్కడు లేకపోయాడు.

ఇక గీత అవతలి నుండి గీత ఇవతలికి వస్తాను. ఆడే పిల్లలకంటె చూసే పెద్దలను గమనించడం నాకు ఎక్కువ ఆసక్తి. ఒక సాయంత్రం పన్నెండేళ్ళ పిల్లవాడు మొదటి కూతకే దొరికిపోయాడు. మోకాలికి అంటిన మట్టి దులుపుకుంటూ వాడు పాయింట్లు వ్రాసే బోర్డు వైపు చూడలేదు. జట్టు వైపు చూడలేదు. తిన్నగా తండ్రి వైపు చూశాడు. ఆ తండ్రి రోజంతా కంపెనీలో నిలబడి పనిచేసి వచ్చిన మనిషి, చెడ్డవాడు కాడు. అందరూ వినేలా "థూ, ఇంటికి రా నీ సంగతి చెప్తా" అన్నాడు. పిల్లవాడు కూర్చోవలసిన చోట కూర్చోలేదు. చెప్పులు వేసుకుని గేటు దాటి వెళ్ళిపోయాడు. రెండు నిమిషాల తరువాత వాడి జట్టుకు పాయింటు వచ్చింది. లేవవలసినవాడు లేడు. ఆరుగురు ఆడవలసిన చోట అయిదుగురు ఆడారు.

అవుటైన ప్రతి బిడ్డా ముందు ఎవరి ముఖమో చూస్తాడు. ఆ ముఖంలో వాడు చదువుకునేది ఆట ఫలితాన్ని మించినది. నేను పాయింటు తేకపోయినా వీళ్ళకు కావలసినవాడినేనా అన్నదే వాడి ప్రశ్న. తల్లిదండ్రులారా, దేవుని ముఖం ఎలా ఉంటుందో బిడ్డ మొదట నేర్చుకునేది మన ముఖాల్లోనే. పరలోకమందున్న మా తండ్రీ అని వాడు రేపు జపించేటప్పుడు, ఆ "తండ్రి" అన్న మాట వెనుక ఏ ముఖం కనపడుతుందో మీరే ఆలోచించండి.

యోర్దాను నది ఒడ్డును గుర్తుచేసుకోండి. యేసు జ్ఞానస్నానం పొందగానే పరలోకం నుండి తండ్రి స్వరం వినిపించింది. ఈయన నా ప్రియ కుమారుడు, ఈయన యందు నాకు ఆనందం అన్నది దాని భావం (మత్తయి 3:17). అప్పటికి ఆయన చేసినదేమిటి? కానా ఊరి పెళ్ళి ఇంకా జరగలేదు. ఒక్క రోగి స్వస్థపడలేదు. పర్వత ప్రసంగం లేదు. ముప్పై ఏళ్ళు నజరేతులో వడ్రంగి పని చేసి వచ్చాడు, అంతే. తండ్రి ఆనందం పనికి ముందే వచ్చింది. దాని తరువాతే ఎడారి, శోధన, బోధ, సిలువ అన్నీ. మన బిడ్డలకు జ్ఞానస్నానం ఇప్పించినప్పుడు మనం ఒప్పుకున్నది ఈ వరుసనే.

2025 జూన్ 15న, పవిత్ర త్రిత్వ మహోత్సవంనాడు, క్రీడాకారుల జూబిలీ సందర్భంగా పునీత పేతురు దేవాలయంలో పూజ అర్పిస్తూ 14వ లియో పోపుగారు ఒక చక్కని సంగతి చెప్పారు. ఇటలీలో ఆట చూసేవాళ్ళు ఆటగాళ్ళను ఉత్సాహపరచడానికి "దాయ్!" అని అరుస్తారట. ఆ మాటకు అసలు అర్థం "ఇవ్వు" అని. మన తెలంగాణలో అయితే "ఇయ్యి!" అన్నట్టు. గెలిచినవారికే విలువ ఉన్నట్టు కనిపించే ఈ పోటీ లోకంలో, ఆట మనకు ఓడిపోవడం కూడా నేర్పుతుందని అదే ప్రసంగంలో వారు అన్నారు. వారు స్వయంగా టెన్నిస్ ఆడేవారు కాబట్టి ఓటమి రుచి తెలిసే చెప్పి ఉంటారు. మా మైదానంలో నేను వినే అరుపులు "కొట్టు", "పట్టు", "లాగు". ఇయ్యమని అరిచేవాళ్ళు తక్కువ.

మాకు దగ్గరలో, శామీర్‌పేట వైపు హకీంపేటలో ప్రభుత్వ క్రీడా పాఠశాల ఉంది. 1993లో మొదలైంది. నాలుగవ తరగతిలో చేర్చుకుంటారు. ఎత్తు, బరువు చూస్తారు, పరుగు పెట్టిస్తారు, దూకిస్తారు, బరువైన బంతి విసిరిస్తారు. అక్కడ చదువుకున్నవారిలో బరువులెత్తే రాగాల వెంకట్ రాహుల్ ఒకరు. 2014లో నాన్జింగ్ యువ ఒలింపిక్స్‌లో రజతం, 2018లో గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడలలో 85 కిలోల విభాగంలో మొత్తం 338 కిలోలు ఎత్తి స్వర్ణం సాధించారు. ఆయన ఊరు స్టువర్టుపురం. ఆ పేరు వినగానే మన పెద్దవాళ్ళకు ఏం గుర్తుకు వస్తుందో నాకు తెలుసు, అందుకే ఆయన పేరు ఎత్తాను. పుట్టిన కులాన్ని బట్టి మనిషిని నేరస్థుడిగా జమకట్టే చట్టాన్ని బ్రిటిషు ప్రభుత్వం 1871లో తెచ్చింది. ఆ చట్టపు నీడలో 1913లో సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో ఏర్పడిన ఊరు అది. చట్టం 1952లో పోయింది. మాట మాత్రం పోలేదు. బిడ్డ బరిలోకి రాకముందే అవుట్ అని వ్రాసిపెట్టిన లోకం అది. యోర్దాను దగ్గర తండ్రి పలికినదానికి ఇది సరిగ్గా తలక్రిందులు.

అటువంటి మరొక బిడ్డ వరంగల్ జిల్లా కల్లెడకు చెందిన జీవాంజి దీప్తి. బుద్ధి వికాసంలో వెనుకబాటుతో పుట్టిన ఆమెను రూపం చూసి ఊళ్ళో వెక్కిరించారు. కూలిపని చేసుకునే తల్లిదండ్రులు బిడ్డను దాచిపెట్టుకోలేదు, వదిలేయలేదు. 2024 మే నెలలో కోబెలో జరిగిన ప్రపంచ పారా పోటీలలో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరుగెత్తి ఆమె ప్రపంచ రికార్డు నెలకొల్పింది. అదే సంవత్సరం సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది. పతకం వచ్చాక చప్పట్లు కొట్టడానికి దేశమంతా ఉంది. పతకం రాకముందు ఆమె ప్రక్కన కూర్చున్నవాళ్ళు ఇద్దరు ముగ్గురే.

ఇలాంటి ఎంపికలకు వెళ్ళే పిల్లలలో ఎక్కువమంది వెనుదిరిగి వచ్చేవారే. తొమ్మిదేళ్ళ బిడ్డ, చేతిలో సర్టిఫికెట్ల కవరుతో తండ్రి ప్రక్కన బస్సులో కూర్చుని ఇంటికి వస్తాడు. ఆ గంటసేపు బస్సులో తండ్రి ఏం మాట్లాడతాడు? అక్కడి పరీక్షలన్నిటికంటె ఇది కష్టమైన పరీక్ష, ఇది తండ్రికి. పదిహేడేళ్ళు వచ్చేసరికి ఇదే ప్రయాణం ఇంటర్మీడియట్ మార్కుల రూపంలో మళ్ళీ వస్తుంది. 2019 ఏప్రిల్‌లో మన రాష్ట్రంలో ఇంటర్ ఫలితాలు వెలువడ్డాక సుమారు ఇరవై మంది పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఆ ఫలితాలలో తప్పులు దొర్లాయన్న సంగతీ మీకు గుర్తుండే ఉంటుంది. ఆ పిల్లల ఆత్మలను దేవుని కనికరానికి అప్పగిద్దాం. ఆ తల్లిదండ్రులను నిందించడానికి మనమెవరం? మన ఇంట్లో ఉన్న బిడ్డ సంగతి మాత్రం మన చేతిలో ఉంది. ఫలితాలు వచ్చే రోజున సెలవు పెట్టి ఇంట్లో ఉండండి. మార్కులు తక్కువ వస్తే చుట్టాల ఫోన్లు మీరే ఎత్తండి, బిడ్డ చేతికి ఇవ్వకండి. ఆ రాత్రి కుటుంబ జపమాల ఎప్పటిలాగే చెప్పుకోండి, ఒక పదిని ఆ బిడ్డ చేతనే చెప్పించండి. ఏమి తప్పింది, మళ్ళీ ఎలా చదవాలి అన్న మాటలు వారం ఆగి మాట్లాడవచ్చు, తప్పక మాట్లాడాలి కూడా. పిల్లవాడు ఇంటికి రాకుండా తిరుగుతున్నా, తిండి మానేసినా, చావు మాట ఎత్తినా, అది నటన అని కొట్టివేయకుండా వెంటనే డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళండి. నా తలుపు కూడా రాత్రి ఏ వేళైనా తట్టవచ్చు.

కబడ్డీలో ఒక్కో జట్టు మొత్తం, ఏడుగురికి ఏడుగురూ అవుటవుతారు. దాన్ని "లోనా" అంటారు. ఎదుటి జట్టుకు రెండు పాయింట్లు అదనంగా ఇస్తారు. మరి ఆట ముగుస్తుందా? లేదు. ఆ ఏడుగురూ పది సెకన్లలో లేచి మళ్ళీ బరిలోకి రావాలి. కొన్ని కుటుంబాలకు అలాంటి సంవత్సరాలు ఉంటాయి. తండ్రి ఉద్యోగం పోయింది, కూతురి సంబంధం తప్పింది, కొడుకు పరీక్ష తప్పాడు, తల్లి మంచాన పడింది. అలాంటి ఇంటివాళ్ళు ఆదివారం పూజకు రావడం మానేస్తే, సిగ్గుతో మానేశారని అర్థం చేసుకుని ఇరుగుపొరుగు కతోలికులు వెళ్ళి పిలుచుకు రావాలి.

ఒక మాట ఆడపిల్లల గురించి. ఎండకు నల్లబడతారని, ఎవరైనా ఏమైనా అంటారని వాళ్ళను ఇంట్లోనే ఉంచేస్తున్నారు. వాళ్ళు తాకించుకోకుండానే అవుటయ్యారు. ఈ వేసవి తరగతులలో బాలికల జట్లు కూడా ఉంటాయి. సిస్టర్లు దగ్గరుండి ఆడిస్తారు. పేర్లు ఈ నెలాఖరులోగా ఉపదేశిగారికి ఇవ్వండి. అవుటైన పిల్లలు కూర్చునే గీత దగ్గర వాళ్ళతోపాటు నేలమీద కూర్చోవడానికి ఇద్దరు పెద్దమనుషులు కావాలి. స్కోరు వ్రాయడానికైతే ఇప్పటికే నలుగురు పేర్లు ఇచ్చారు.